భయానికి టిక్కెట్టు

2009లో ‘అరుంధతి’ సినిమా వచ్చినప్పుడు, సమాధిలోంచి విలన్ పశుపతి గొంతు వినబడితే హాలు బిగుసుకుపోయేది. అయినా జనం మళ్లీ టిక్కెట్టు కొన్నారు. డబ్బిచ్చి మరీ భయపడటమేమిటి? తిరునాళ్లలో జెయింట్ వీల్ చూడండి. పైనుంచి దిగుతుంటే కడుపులో ఏదో జారిపోయినట్టుంటుంది. కిందికి రాగానే నవ్వొస్తుంది. గుండెదడ నిజమే, ప్రమాదం మాత్రం నిజం కాదు. ఆ సంగతి మనసుకు తెలుసు, ఒంటికి తెలియదు. అందుకే ఒళ్లు జలదరించినా కుర్చీ వదలం. ఇది ఈనాటి సరదా కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు శృంగారం, హాస్యాల సరసనే భయానకాన్నీ రసంగా కూర్చోబెట్టాడు. అపాయం లేని భయమే రసమవుతుంది.

మరి కొందరికి ఈ దెయ్యం సినిమాలు అసలు పడవు కదా అంటారా? నిజమే. ప్రమాదం లేదన్న ధీమా లేనిచోట వట్టి భయమే మిగులుతుంది. పసిపిల్లల మనసులో తెరకూ ఇంటికీ మధ్య గీత ఇంకా గట్టిపడదు. ఇలాంటివి చూస్తే మనిషి మొద్దుబారతాడన్న వాదన మాత్రం నాకు ఎక్కదు. మొద్దుబారినవాడు ఉలిక్కిపడడు. ఉలిక్కిపడనివాడికి దెయ్యం సినిమాతో పనేముంది? మీకు సరదా అయితే నిరభ్యంతరంగా చూడండి. రానన్నవాళ్లను మాత్రం పిరికివాళ్లని వెక్కిరించి లాక్కెళ్లకండి.