తేనె పేరితే కల్తీయేనా?

దివ్యఖుర్ఆన్‌లోని 16వ సూరా పేరు 'అన్ నహ్ల్', అంటే తేనెటీగ. దాని కడుపులోంచి వివిధ రంగుల పానీయం వెలువడుతుందనీ, అందులో ప్రజలకు స్వస్థత ఉందనీ 69వ ఆయత్ తెలుపుతోంది. వివిధ రంగులన్న మాటను మనం చదివి దాటేస్తాం. అంగడికి వెళితే మాత్రం తేనె ఒకే రంగులో, తీగలా సాగుతూ, అద్దంలా మెరవాలంటాం.

కాకుమాను ప్రాంతంలో పెట్టెల్లో తేనెటీగలు పెంచే ఒకాయన దగ్గర మేము కొన్న తేనె అలా ఉండదు. మీగడలా తెల్లగా, చిక్కగా ఉంటుంది. చెంచా బోర్లించినా జారదు, రొట్టె మీద వెన్నలా రాసుకోవచ్చు. తేనెలోని గ్లూకోజ్ చల్లదనానికి పలుకులు కడుతుంది. పొద్దుతిరుగుడు తేనె మరీ త్వరగా పేరుతుంది. దానంతటది పేరితే పలుకులు ముతకగా ఉంటాయి. అందుకే సన్నగా పేరిన తేనెను పదో వంతు తీసుకుని కొత్త తేనెలో కలిపి, నెమ్మదిగా తిప్పి, 14 డిగ్రీల చల్లదనంలో కొన్నాళ్ళు ఉంచుతారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎల్టన్ డైస్ ఈ పద్ధతికి 1935లో పేటెంటు పొందాడు. తేనెలో తేనె తప్ప మరేమీ కలపరు.

అయినా సీసా చూడగానే చాలామంది అనే మాట ఒకటే: "పంచదార పాకం పోశాడు."

మోసం లేని కాలం కాదిది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబరులో ప్రకటించిన పరీక్షల్లో 13 బ్రాండ్లకు గాను మూడే అన్ని పరీక్షల్లోనూ నిలిచాయి. కంపెనీలు ఆ ఫలితాలను ఖండించాయనుకోండి. కాబట్టి కొనేవాడు జాగ్రత్తపడటం తప్పు కాదు. అయితే తీగలా సాగడం స్వచ్ఛతకు సాక్ష్యం కాదు. పేరడమూ కాదు, పంచదార కలిపిన తేనె కూడా పేరగలదు. కంటికి తెలియనిదాన్ని నోటితో తీర్పు చెప్పడమే ఇక్కడి సమస్య. అనుమానాల్లో కొన్ని పాపాలని హుజురాత్ సూరా 12వ ఆయత్ హెచ్చరిస్తోంది. అడిగి తెలుసుకోవడం జాగ్రత్త. అడగకుండానే నలుగురిలో "కల్తీ" అనడం ఒకరి హలాల్ సంపాదన మీద వేసే నింద. లేని దోషాన్ని అంటగడితే అది చాడీ కూడా కాదు, అపనింద అని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు.

ఈ నిందకు ఇంకో ఫలితముంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పేరిన తేనెను జనం తిప్పికొడుతుంటే అమ్మేవాడు ఏం చేస్తాడు? బాగా కాచి పలుచన చేస్తాడు. ఆ వేడికి తేనెలోని ఎంజైములు దెబ్బతింటాయి, సువాసన పోతుంది, కొనేవాడు మాత్రం సంతోషిస్తాడు. నిజాయితీపరుడికి మోసం నేర్పే బేరమిది. మనం కాచమని చెప్పలేదు కదా అని తప్పుకోగలమా?

అలాగని బాధ్యతంతా కొనేవాడిదే కాదు. ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి లోపలి తడిని గమనించిన దైవప్రవక్త (స), ఆ తడిసిన గింజల్ని జనానికి కనబడేలా పైన ఉంచరాదా అని వర్తకుణ్ణి నిలదీశారని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. సరుకు సంగతి అడక్కముందే చెప్పడం అమ్మేవాడి వంతు. ఈ తేనె మన వేసవి ఎండలకు మెత్తబడి, పైన పలుచని తేట తేలుతుంది. సీసా చేతికిస్తూ ఆ పెంపకందారు మొదట చెప్పింది అదే. ధర ఆ తర్వాత చెప్పాడు.