మరియొక్క పర్యాయము

నష్టపడిన వర్తకునికి లెక్క రాదని లోకు లందురు. నిజమునకు లెక్క బాగుగా వచ్చినవాడే పెద్ద నష్టములో దిగును.

బరంపురమున కంధమాల్ పసుపు నిలువచేసిన వర్తకు డొక డున్నాడనుకొనుడు. ధర పెరిగినది, అమ్మలేదు. మరల పెరిగినది, అప్పుడును అమ్మలేదు. అది ఒకనాడు చేసిన నిర్ణయము కాదు. ప్రతి ఉదయము గిడ్డంగి తాళము తీయునప్పుడు క్రొత్తగా చేసినదే. నిన్నటి లాభము నేటి ధైర్యమైనది. అప్పుమీది వడ్డీ మాత్రము ధైర్యమును చూచి ఆగదు. తుదకు ధర పడినది. పెద్ద కుమార్తె పెండ్లికని దాచిన సొమ్ము కదలినది.

2002లో అమెరికా శాస్త్రజ్ఞులు ఇట్టి బుద్ధిని బుడగ ఆటతో పరీక్షించిరి. ఊదిన కొలది సొమ్ము చేరును. ఎప్పుడైన ఆపి పుచ్చుకొనవచ్చును. పగిలెనా, ఆ బుడగపై చేరినదంతయు పోవును. అంతకుముందు 1994లో పేకముక్కలతో మరియొక పరీక్ష జరిగినది. నొసటి వెనుక మెదడు అడుగుభాగము దెబ్బతిన్నవారు, తెలివి చెడకున్నను, నష్టపు దొంతరనే మరల మరల తీయుచుండిరి. 1997లో షుల్ట్జ్ మొదలగువారు వ్రాసినది మనకు మరింత దగ్గర. అనుకోని లాభమునకు మెదడులోని డోపమిన్ కణములు ఎగసిపడును. ఆశించినంతే వచ్చిన చలింపవు. ఆశించినది రాకున్న అణగిపోవును. నిన్న పండుగచేసిన లాభము నేడు రుచింపదన్నమాట! లోభము నాలుగవ కషాయమని మన ఇండ్లలో పిల్లలును చెప్పుదురు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటెను. గాలి ముదిరిన పిదప చూతమని కూర్చుండక, ముందుగనే లక్షలాది జనులను తరలించిరి. 1999 మహాతుపానున ఒడిశాలో వేలమంది మరణింపగా, ఈసారి మృతులు పదులలో నుండిరి. గాలి వచ్చిన తరువాత చేయు ఆలోచన భయము చేయునది; లాభము వచ్చిన తరువాత చేయునది ఆశ చేయునది.

దిగ్వ్రతము, పరిగ్రహ పరిమాణ వ్రతము ఇట్టివే. ఎంతవరకు పోవలెనో, ఎంత ఉంచుకొనవలెనో మనస్సు కుదురుగా నున్ననాడే నిర్ణయించుకొనుట. మన వర్తకుడును మరుసటి దీపావళికి క్రొత్త ఖాతాపుస్తకము తెరచి, మొదటిపుటలోనే అమ్మకపు ధర వ్రాసెననుకొనుడు. మాఘమున ధర అక్కడికి వచ్చినది, అమ్మివేసెను. పది దినములలో ఇంకను పెరిగినది. ప్రక్క అంగడివారు నవ్విరి. నవ్వవచ్చును, ఆ పైధర వారి పాలు. అతడు ఆ సాయంకాలము ప్రతిక్రమణమునకు కూర్చుండెను; చాలకాలమునకు గిడ్డంగి తాళము జ్ఞప్తికి రాలేదు.