ఇంకొక్క ఎత్తు

"ఇందులో డబ్బు లేదు, పందెం లేదు, బొమ్మలు కూడా లేవు. ఉన్నవన్నీ అంకెలే. మరి ఆడితే తప్పేమిటి మామూ?"

మా అక్క కొడుకు కంప్యూటరు తెరను నా వైపు తిప్పి అడిగిన ప్రశ్న ఇది. తేలిగ్గా తీసిపారేయదగిన ప్రశ్న కాదు. జూదం నిషిద్ధమని చెప్పి చేతులు దులుపుకుందామంటే ఈ ఆట ఆ కోవలోకి రాదు.

ఆట పేరు 2048. గాబ్రియేలె చిరుల్లి అనే 19 ఏళ్ళ ఇటలీ యువకుడు 2014 మార్చిలో ఒక వారాంతంలో దీన్ని తయారుచేశాడు. బ్రౌజరులో తెరిస్తే చాలు, ఉచితంగా ఆడుకోవచ్చు. నిలువునా అడ్డంగా నాలుగేసి చొప్పున పదహారు గళ్ళు, వాటిలో అంకెల బిళ్ళలు. మీట నొక్కితే బిళ్ళలన్నీ ఒక పక్కకు జరుగుతాయి. ఒకే అంకె ఉన్న రెండు బిళ్ళలు తగిలితే ఒక్కటై రెట్టింపవుతాయి. ప్రతి ఎత్తుకూ ఖాళీ గడిలో కొత్త బిళ్ళ పుడుతుంది. పదింట తొమ్మిదిసార్లు అది 2, ఒకసారి 4. 2048 అంకె గల బిళ్ళ తయారైతే గెలుపు. కదలటానికి చోటు లేకపోతే ఓటమి.

ఆట మూలం తన సొంతం కాదని ఆ యువకుడే ఒప్పుకున్నాడు. ప్రోగ్రామును అందరికీ బహిరంగంగా ఇచ్చేశాడు. కనుక దోషమంతా అతని నెత్తిన రుద్ది మనం తప్పుకోలేము.

ఇక లెక్క చూడండి. ఒక్కో ఎత్తుకు గళ్ళలోని మొత్తం సగటున రెండుకు కాస్త పైన పెరుగుతుంది. అంటే 2048 చేరటానికి తొమ్మిది వందలకు పైగా ఎత్తులు వేయాలి. అన్ని వేసి గెలిచాక 'గెలిచావు' అంటుంది తెర. ఆ పక్కనే ఆట కొనసాగించే మీట కూడా ఉంటుంది. తర్వాతి బిళ్ళ 4096. ఒక్క మెట్టే కదా అనిపిస్తుంది. కాని ఆ ఒక్క మెట్టు కోసం అప్పటిదాకా ఎక్కిన మెట్లన్నీ మళ్ళీ మొదటినుంచి ఎక్కాలి! ఆ తర్వాతి దానికి అంతకు రెట్టింపు.

ఇస్లాం వినోదానికి విరోధి కాదు. దైవప్రవక్త (స) తమ సతీమణి ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారన్న సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అయితే ఆ పందేనికి గమ్యం ఉంది. పక్కన పరుగెత్తే మనిషి ఉంది. గమ్యం చేరాక ఇద్దరూ ఇంటిదారి పడతారు. చదరంగం విషయంలోనే పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి గనుక ఈ అంకెల ఆటపై తీర్పు చెప్పే సాహసం నేను చేయను. నా అనుమానం ఆట మీద కాదు, 'ఇంకొక్క ఎత్తు' అన్న ఆ మాట మీద. దైవప్రవక్త (స) ఆరోగ్యంతోపాటు తీరికను కూడా అనుగ్రహాలలో లెక్కించారు. డబ్బు పోతే జేబు తడుముకుంటాం. తీరిక పోతే తడుముకోవటానికి జేబు కూడా ఉండదు.

ఇదంతా పిల్లవాడిని తప్పుపట్టడానికి చెప్పటం లేదు. అతను అడగక ముందే, ఎవరికీ చెప్పకుండా, నేనూ చాలా రాత్రులు ఈ ఆట ఆడాను. అమ్మీకి కంటి ఆపరేషన్ అయిన రోజులవి. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేయాలి. ఒక రాత్రి ఆమె పిలిచినప్పుడు నా గళ్ళలో రెండు 512లు ఎదురెదురుగా ఉన్నాయి. "వస్తున్నా అమ్మీ" అన్నాను. ఆ రెండూ కలిశాయి. అది చూసి ఇంకొకటి కలిపాను. నేను వెళ్ళేసరికి ఆమె తనే తల వెనక్కి వాల్చి మందు వేసుకుంది. సగం చెంప మీదుగా కారి దిండు తడిసింది. "పనిలో ఉన్నావేమో అనుకున్నాను బేటా" అంది. ఏం పని అని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడినో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ సంగతి మేనల్లుడికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మధ్యలో మూసేసినా బిళ్ళలు ఎక్కడివక్కడే ఉంటాయి మామూ, మళ్ళీ తెరిస్తే అక్కడినుంచే ఆడొచ్చు" అన్నాడు.

"అలాగా! నానీమా కూడా అలాగే ఉంటుందా?" అన్నాను.

అప్పుడే మగ్రిబ్ అజాన్ మొదలైంది. తెర మీద రెండు 256లు పక్కపక్కనే ఉన్నాయి. వాడు వాటివైపు చూశాడు, నావైపు చూశాడు. కంప్యూటరు మూత మూసి వుజూకి లేచాడు.