గాజుపెట్టెలో అడవి

బంధించిన జీవిని బాగా చూసుకుంటే బంధించిన రుణం తీరుతుందా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. హోసూరులో మా ఇంటి వరండా పక్క గదిలో మా అబ్బాయి కడుతున్న గాజుపెట్టెలోంచి వచ్చింది. అందులో క్రెస్టెడ్ గెకో అనే బల్లిని పెంచుతాడట. బల్లి మీద పడితే పంచాంగం తీసి ఫలితం చూసే ఇంట్లో, డబ్బిచ్చి బల్లిని తెచ్చుకోవడమేమిటని వాళ్ళమ్మ గోల వేరే.

ఈ బల్లి సొంతూరు ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న న్యూ కాలెడోనియా దీవులు. అంతరించిపోయిందనుకున్నది 1994లో మళ్ళీ కనిపించింది. దానికి కనురెప్పలుండవు, కళ్ళను నాలుకతోనే తుడుచుకుంటుంది. మన గోడబల్లికి తోక తెగితే మళ్ళీ మొలుస్తుంది, దీనికి మొలవదు.

పెట్టె కట్టే పద్ధతి మాత్రం చూడముచ్చటగా ఉంది. నీరు దిగడానికి అడుగున కాల్చిన మట్టిగుండ్లు, వాటిమీద దోమతెర గుడ్డ. ఆపైన కొబ్బరిపొట్టు, ఇసుక, బొగ్గుముక్కలు కలిపిన మన్ను నాలుగంగుళాలు. దానిమీద ఎండిన నాటుబాదం ఆకులు. మూలకో మనీప్లాంటు. ఇక అసలు పనివాళ్ళు రెండు రకాలు. ఆవగింజంత కూడా లేని తెల్లని స్ప్రింగ్‌టెయిల్ పురుగులు బూజు తింటాయి. పూలకుండీ ఎత్తితే కింద కనబడే బూడిదరంగు పురుగులు, ఐసోపాడ్లు, రాలిన ఆకునూ బల్లి పెంటనూ తిని మన్ను చేస్తాయి. మిగిలినదాన్ని కంటికి కనబడని సూక్ష్మజీవులు మొక్కకు ఎరువుగా మారుస్తాయి. ఇవన్నీ కుదురుకునేదాకా, నెలో నెలన్నరో, బల్లిని తేకూడదు. అతిథికి ముందే ఇల్లు సిద్ధం చేయడం నాకు నచ్చింది.

అయితే దీన్ని తనంతట తాను నడిచే లోకం అంటే ఒప్పుకోలేను. ముప్పై ఏళ్ళు జమాఖర్చులు చూసినవాణ్ణి. పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లేది మనిషి. తిండి అంగడి నుంచి వస్తుంది. 22 నుంచి 26 డిగ్రీల మధ్య హాయిగా ఉండే ప్రాణికి ఏప్రిల్‌లో చల్లదనం కరెంటు బిల్లు నుంచి వస్తుంది. నాలుగు రోజులు పెళ్ళికి పోతే పురుగులు నీళ్ళు చల్లవు.

నన్ను ఇబ్బంది పెట్టేది మరొకటుంది. పాత పద్ధతిలో పంజరంలో కాగితం పరుస్తారు. రోజూ అది తీసి పారేసేటప్పుడు, ఇక్కడొక ప్రాణి నా వల్ల బందీ అయివుందని చెయ్యే గుర్తుచేస్తుంది. ఈ అడవిపెట్టెలో ఆ మురికి మాయమవుతుంది. చూడ్డానికి పచ్చగా ఉంటుంది, మనసూ పచ్చగానే ఉంటుంది. బల్లికి ఇది మేలే, కాదనను. దాక్కోవడానికి ఆకు, ఎక్కడానికి కొమ్మ దొరుకుతాయి. కాని వడ్డీ సక్రమంగా కట్టినంతమాత్రాన అసలు తీరదు.

మావాడి వాదన ఇంకోలా ఉంది. "అది గాజులోనే పుట్టింది నాన్నా, దాని తల్లీ గాజులోనే పుట్టింది. చూడని అడవిని పోగొట్టుకోవడమేమిటి?" నిజమే, ఇళ్ళలో పెంచే ఈ బల్లులు తరతరాలుగా మనుషుల దగ్గర పుట్టినవే. (ఇట్లాంటి మాటే మన పిల్లల చదువు విషయంలోనూ విన్నాను, పోలికను అంతదూరం లాగను.) అయినా చీకటిపడగానే అది పైకెక్కుతుంది. కాలివేళ్ళ కింద నున్నని ఆకుకైనా అంటుకునే మెత్తలున్నాయి. కన్ను చూడకపోయినా ఒళ్ళు అడవి కోసమే తయారైంది. అమెరికా ఖండపు అడవుల్లో విషపు కప్పలున్నాయి. అవి తినే చీమలూ సూక్ష్మమైన నల్లులూ వాటికి విషాన్నిస్తాయి. గాజుపెట్టెలో పుట్టి అంగడి తిండితో పెరిగిన కప్పకు ఆ విషం ఉండదు. పెంచేవాడికి అది సుఖమే. కప్ప మాత్రం తన ఆయుధం లేకుండా బతుకుతుంది.

ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నక్షత్ర తాబేలును దాచుకునేవాళ్ళ సంగతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని కుదరదంటుంది, అక్కడ చర్చే లేదు.

బ్యాంకులో మైనరు ఖాతా అని ఉంటుంది. సొమ్ము పిల్లవాడిది, సంతకం పెద్దవాళ్ళది. పద్దెనిమిది నిండగానే ఆ పిల్లవాడు పాస్‌బుక్కు పట్టుకొచ్చి నా డబ్బేమైందని అడగవచ్చు. అడుగుతాడన్న భయమే చాలామందిని దారిలో ఉంచుతుంది. ఈ బల్లి ఎప్పటికీ మేజరు కాదు. కుక్కయితే తోకాడించి జమ చూపిస్తుంది, అలిగి బాకీ చూపిస్తుంది. దీనికి మనమెవరమో కూడా పట్టదు. అడిగేవాడు లేని ఖాతాను కూడా పైసా తప్పకుండా నడపగలవాడు పెంచుకోవచ్చునన్నది నా మతం. అట్లాంటివాళ్ళు ఎందరున్నారో మీరే ఆలోచించండి.

మావాణ్ణి మూడు అడిగాను. ఇది పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది, అప్పటికి నాకు డెబ్బై దాటుతాయి, నువ్వెక్కడుంటావో తెలియదు, ఎవరు చూస్తారు? ఎండాకాలం కరెంటు పోతే ఏం చేస్తావు? ఎక్కడ పుట్టిందో చెప్పే కాగితం అమ్మేవాడిస్తాడా? 2022లో చట్టం సవరించాక, అంతర్జాతీయ జాబితాలో ఉన్న విదేశీ జీవులను పెంచేవారు ప్రభుత్వానికి తెలిపి నమోదు చేసుకోవాలి కదా. రెండోదానికి వెంటనే జవాబిచ్చాడు. మూడోదానికి కాగితం లేనిదే కొననన్నాడు. మొదటిదానికి "ఆలోచించి చెప్తాను" అన్నాడు. ఇంకా చెప్పలేదు.