కత్తీ, కాంతీ, కర్తా

కర్తకూ కరణానికీ తేడా చెప్పాల్సి వస్తే న్యాయదర్శన పండితులు గొడ్డలిని ముందుకు తెస్తారు. చెట్టును నరికేది గొడ్డలే, కానీ ఎత్తి వేసే చెయ్యి లేనిదే అది లేవదు. కాబట్టి కర్త మనిషి, గొడ్డలి కరణం. కంటి ఆపరేషన్ గదిలో ఈ పాత చర్చ మళ్లీ అవసరమైంది.

కళ్లజోడు అక్కర్లేకుండా చేసే లాసిక్‌లో ముందు కార్నియా పైభాగాన్ని పల్చటి పొరగా కోసి, ఒక అంచు తెగకుండా ఉంచి పక్కకు తీస్తారు. తర్వాత ఎక్సైమర్ లేజర్‌తో లోపలి వంపు సరిచేస్తారు. కార్నియా మధ్యలో మొత్తం మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ. ఆ పొర కోయడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి మైక్రోకెరటోమ్: సక్షన్ రింగు కంటిని పట్టి ఉంచితే ఉక్కు బ్లేడు కొన్ని సెకన్లలో దాని మీదుగా సాగిపోతుంది. బొగోటాలో కంటి డాక్టరు హోసే బారాకెర్ తయారుచేసిన పరికరమే దీనికి మూలం. రెండోది ఫెమ్టోసెకండ్ లేజర్. చెప్పిన లోతులో లెక్కలేనన్ని సూక్ష్మమైన బుడగలు పుట్టించి పొరను విడదీస్తుంది.

బ్లేడుతో పొర మందం అనుకున్నదానికి అటూఇటూ కావచ్చు, అరుదుగా మధ్యలో చిల్లు పడవచ్చు. లేజర్ లోతు మరింత కచ్చితం. అయితే దాని ఖర్చు ఎక్కువ, కొందరికి కొన్నాళ్లు వెలుతురు చూడటం కష్టమవుతుంది. చివరికి దక్కే చూపులో మాత్రం రెండిటికీ పెద్ద తేడా తేలలేదు.

ఆసుపత్రుల బోర్డుల మీద కనిపించే ‘బ్లేడ్‌లెస్’ అబద్ధం కాదు. కానీ బ్లేడు లేకపోయినా కోత ఉంది. అదీ జబ్బు లేని కంటికి, అద్దాలతో చక్కగా కనిపిస్తున్న కంటికి. అసలు ధర్మసందేహం అక్కడే.

జపాన్‌లో కంటి డాక్టరు సుతోము సాటో 1930ల చివర్లో, 40లలో హ్రస్వదృష్టి తగ్గించాలని కార్నియాకు లోపలి వైపు నుంచి కూడా గాట్లు పెట్టాడు. లోపలి కణాల పొర చేసే పనేమిటో అప్పటికి తెలియదు. ఏళ్లు గడిచాక ఆ కళ్లలో చాలావాటికి కార్నియా మసకబారింది. తర్వాత మాస్కోలో కంటి సర్జన్ ఫ్యోదొరోవ్ పైనుంచి మాత్రమే కిరణాల్లాంటి గాట్లు పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అమెరికాలో అలాంటి ఆపరేషన్లను పదేళ్లు గమనిస్తే, 43 శాతం కళ్లు ఒక డయాప్టర్ (కళ్లద్దాల పవర్ కొలత), లేదా అంతకు మించి దూరదృష్టి వైపు జరిగాయి. ఈ రెండు చోట్లా తప్పు కత్తి పదునుది కాదు. కోసిన కన్ను ఏళ్లు గడిచాక ఏమవుతుందో కోసినవాళ్లకు తెలియకపోవడానిది.

తెలియక చేసినవాడు కర్త కాకుండా పోతాడా? పోడు. లేజర్‌తో ఈ బాధ్యత పెరిగిందే తప్ప తగ్గలేదు. బ్లేడు రోజుల్లో నేర్పు మణికట్టులో ఉండేది. ఇప్పుడు లోతు, వ్యాసం ముందే యంత్రానికి ఇచ్చి పెడల్ నొక్కుతారు. కర్తృత్వం చేతి నుంచి నిర్ణయానికి జరిగింది. తనకు తెలియనిది కూడా డాక్టరు విప్పి చెప్పినప్పుడే, సంతకం పెట్టే మనిషి ఆ నిర్ణయంలో నిజంగా పాలు పంచుకుంటాడు.

కోయకపోవడం కూడా ఆ నిర్ణయంలో భాగమే. పరీక్షలో కెరటోకోనస్ (కార్నియా పల్చబడి శంకువులా ఉబ్బే జబ్బు) ఛాయలు కనిపించిన కంటికి లాసిక్ చేస్తే కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బే ప్రమాదం ఉంది, పొర కోసింది ఏ సాధనమైనా సరే. అలాంటివాళ్లకు వద్దని చెప్పే డాక్టరు మీద ఆ పూట కోపం వస్తుంది, పెళ్లి ముహూర్తం దగ్గర పడుతుంటే మరీనూ.