కాలువ తలాపున

మొన్న గంగావతికి పెళ్ళికి వెళ్ళాను. ఊరు దాటితే కనుచూపు మేరా వరిచేలే. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయ్యాక, కోస్తాలో ఉన్న పొలం అమ్ముకుని ఇక్కడికొచ్చి, తుప్పలు కొట్టి మళ్ళు కట్టినవాళ్ళ మనవలే ఈ క్యాంపుల్లో ఉన్నది. ఆ కష్టాన్ని తక్కువ చేయను.

అయితే ఎడమ కాలువను ఇంత వరి కోసం తవ్వలేదు. జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటలకు నీరు పలుచగా పంచి, ఎక్కువ ఎకరాలు తడపాలన్నది అసలు ప్లాను. తలాపున మనం వరి వేసుకున్నాం. కొసన మాన్వి, రాయచూరు వైపు రైతుకు ఒట్టి కాలువ మిగిలింది. అతిగా పెట్టిన నీటికి మన మళ్ళూ కొన్ని చౌడుబారాయి, అది వేరే సంగతి.

మనం అని ఊరికే అనలేదు. పాతికేళ్ళ కిందట ఇక్కడి బ్రాంచిలో పంటరుణాల మీద సంతకం నాదే. వరికిచ్చిన అప్పు తిరిగొస్తుంది, అంతవరకే చూశాను. ఒకచోట జమ రాస్తే మరోచోట ఖర్చు రాయాలని బీకాంలో మొదట నేర్పిన పాఠం. ఆ ఖర్చు పక్క తాలూకా పద్దులో పడింది, నా పుస్తకం సరిపోయింది.

పంక్తిలో పాత ఖాతాదారు ఒకాయనతో ఈ మాట కదిపాను.

“నీళ్ళు గుమ్మంలో పారుతుంటే జొన్న ఎవడేస్తాడండీ మేనేజరుగారూ?”

“మరి కింద వాళ్ళో?”

ఆయన కాసేపు విస్తట్లోకి చూశాడు. “మా అల్లుడి పొలం మాన్వి దగ్గరేనండి. పోయినేడు కాలువ అందలేదు.”

సోనామసూరి అన్నం మారు వడ్డనకు వచ్చింది. నేను వద్దనలేదు.