పరీక్షల నెలలో వచ్చు కబురు

కబురు చెప్పుటకును ఒక ధర్మము కలదు. బంధువుల యింటికి చెడు కబురు తీసికొనిపోవువాడు వీథిలో నిలిచి కేకవేయడు. ఇంటిలో పెద్ద యెవరో కనుగొని, వారిని ప్రక్కకు పిలిచి, మాట మెల్లగా చెప్పును. చెప్పి వెంటనే వెడలిపోడు. చేయవలసిన పని యేమున్నదో విచారించి, తానును ఒక చేయి వేయును. ఎవరికి చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను, చెప్పిన పిమ్మట ఏమి చేయవలెను అను మూడు సంగతులు చదువురాని పల్లెవాసికి సయితము తెలియును. చదువు చెప్పుటయే పనిగా గల పాఠశాలలు పరీక్షల నెలలో ఈ మర్యాదను మఱచుచున్నవేమో యని మాకు తోచుచున్నది. ఆ సంగతినే ఇచ్చట విచారింపదలచితిమి.

విజయవాడనుండి ఏలూరునకు పోవు జాతీయ రహదారిని నూజివీడు త్రోవయు గుడివాడ త్రోవయు వచ్చి కలియుచోట హనుమాన్ జంక్షన్ ఉన్నది. కూడలిలోని ఆంజనేయస్వామియే ఆ యూరికి పేరైనాడు. ఉత్తరమున నూజివీటి మామిడితోటలు, దక్షిణమున డెల్టా వరిచేలు. మార్చినెల నడిమికి తోటలలో పిందెలు కాయలగుచుండును. దాళ్వాచేలు వెన్నువేసి నిలుచును. ఒంటిపూట బడులు మొదలగును. పదవతరగతి పిల్లలకును, వారి తల్లిదండ్రులకును నిద్ర కరవగు కాలమును అదియే.

అట్టి యొక మార్చినెలలో మేము ఆ కూడలిలో బస్సుకొఱకు నిలిచియుండగా, ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని మా దగ్గఱకు వచ్చి చేతిలోని ఫోను చూపినది. "బాబుగారూ, బడినుంచి ఏదో మెసేజి వచ్చిందండీ. ఇంగ్లీషులో ఉంది. వీణ్ణి చదవమంటే ఫీజు సంగతేలే అమ్మా అంటున్నాడు. కాస్త చదివి చెబుదురూ" అన్నది. మేము చూచితిమి. అది ఫీజు సంగతి కాదు. పిల్లవానికి లెక్కలలో నూటికి పందొమ్మిది వచ్చినవనియు, ఈ స్థితి కొనసాగినచో పబ్లిక్ పరీక్ష ఫలితమునకు పాఠశాల బాధ్యత వహింపదనియు అందున్నది. పిల్లవాడు ఒకమారు మా మొగము చూచి, పిమ్మట తన కాళ్లవంక చూచుకొనసాగెను.

మాకు అబద్ధమాడ నోరు రాలేదు. ఉన్నదున్నట్లు చదివి చెప్పితిమి. ఆమె బిడ్డను కసరలేదు, కొట్టలేదు. కొంతసేపు ఊరకుండి, "మరి ఇప్పుడు నన్నేం చెయ్యమంటున్నారండీ?" అని అడిగినది. మేము ఫోను మఱల చేతికి తీసికొని, పైనుండి క్రిందివఱకు వెదకితిమి. ఆ ప్రశ్నకు జవాబు అందు లేదు. ఇంతలో బస్సు వచ్చెను. తల్లి ముందు తలుపున ఎక్కినది. కొడుకు వెనుక తలుపున ఎక్కెను.

ఆనాటినుండి ఈ విషయము మా మనస్సును విడువలేదు. ఆ కబురులో అబద్ధ మొక్కటియు లేదు గదా! అంకె సరియైనదే, తల్లికి తెలుపుటయు పాఠశాల విధియే. అయినను ఆ తల్లీబిడ్డలకు ఏదియో అన్యాయము జరిగినదని మాకు అనిపించినది. ఆ అన్యాయము ఎచ్చట నున్నది?

పరీక్షల కాలమున ఇండ్లకు వచ్చు కబుళ్లన్నియు ఒక్క తీరువి కావు. పరీక్ష ఏ దినమున, ఏ చోట, హాలుటిక్కెట్టు ఎట్లు తీసికొనవలెను, ఏ వస్తువు లోనికి తేగూడదు అనునవి ఒక జాతి. ఇవి ఎంత విరివిగా వచ్చిన అంత మేలు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025 జనవరి 30వ తేదీన మన మిత్ర అను పేర వాట్సాప్ సేవ నారంభించి, హాలుటిక్కెట్లను ఫలితములను ఫోనులోనికే చేర్చినది. ఆ మార్చిలో పరీక్ష వ్రాయబోవు పిల్లలు హాలుటిక్కెట్టు చూపిన ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులలో టిక్కెట్టు లేకుండ పోవచ్చునని ప్రకటించినారు. పొరుగూరి కేంద్రమునకు పోవలసిన కూలివాని బిడ్డకు ఇట్టి కబురు నిజముగా అన్నము వంటిది. వీనిపై మాకు ఆక్షేపణ లేదు.

రెండవ జాతి కబుళ్లు బిడ్డను గూర్చినవి. వానితోడనే చిక్కు. తేదీ తప్పు పడిన దిద్దవచ్చును. బిడ్డను గూర్చి తల్లికి చెప్పిన మాట ఆ యింటిలో చాలకాలము నిలిచిపోవును.

మొదట భాష సంగతి. పిల్లలలో పెక్కురు నేడు ఆంగ్ల మాధ్యమమున చదువుచున్నారు. అది మంచిదా చెడ్డదా అను వాదములోనికి మేము దిగము. బిడ్డ యే భాషలో చదివినను, కబురు పోవలసినది తల్లికి. ఆమెకు రాని భాషలో వ్రాసి పంపి, తెలిపితిమి అనుకొనుట, తాళము వేసిన పెట్టెను చేతికిచ్చి సొమ్ము ముట్టినట్లు చీటి వ్రాయించుకొనుట వంటిది. అంతకంటె పెద్ద కీడు మఱొకటి కలదు. చదువగలవాడు బిడ్డయే యగుటచేత, తన నేరమును తానే అనువదించి తల్లికి వినిపింపవలసిన దుస్థితి వానికి కలుగుచున్నది. పదునైదేండ్ల బాలుడు ఆ కఱవునందు ఫీజు సంగతి యని బొంకిన, ఆ బొంకులో సగపాలు ఆ భాషను ఎన్నుకొన్నవారిది గాదా?

రెండవది బాధ్యత సంగతి. "పాఠశాల బాధ్యత వహింపదు" అను వాక్యము కబురు కాదు. అది ముందుగా వ్రాసికొన్న చెల్లుచీటి. ఆ వాక్యము నిజమేనా చూతము. ఆంధ్రప్రదేశమున పదవతరగతి పరీక్షలో 2019వ సంవత్సరమున నూటికి 94.88 మంది నెగ్గిరి. 2020, 2021 సంవత్సరములలో కరోనా కారణమున పరీక్షలే జరుగలేదు. 2022లో మఱల జరిగినపుడు 67.26 మంది మాత్రమే నెగ్గిరి. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఈ యంకెలు పోయి వచ్చిన తీరు చూడుడు. మూడేండ్లలో మన పిల్లల బుద్ధి అంత తఱిగి, మఱి రెండేండ్లలో అంత పెరిగినదని ఎవరనగలరు? బడులు మూతపడుట, ఉపాధ్యాయులు చాలకుండుట, ప్రశ్నపత్రము మాఱుట, ఇంటిలో ఫోను ఉండుట లేకుండుట, ఇవి యన్నియు ఆ యంకెలలో దాగియున్నవి. బిడ్డకు వచ్చిన పందొమ్మిది మార్కులలో బడి పాలును కలదు, ఇంటి పాలును కలదు, బిడ్డ పాలును కలదు. పంపకము చేయక మొత్తమును ఇంటిమీదికి త్రోయు కబురు, అంకె సరియైనదైనను, సత్యము కానేరదు.

పాఠశాలల కీ భయ మెందుకు కలిగినది? ఇది క్రొత్త రోగము గాదు. 1862లో ఇంగ్లండు దేశమున రాబర్టు లో అను ప్రభుత్వ పెద్ద పాఠశాలల కిచ్చు ధనసహాయమును పిల్లలు పరీక్షలో చూపు ఫలితమునకు ముడివేసెను. కవియు పాఠశాలల పర్యవేక్షకుడును అగు మాథ్యూ ఆర్నల్డు దానిని గట్టిగా ఆక్షేపించెను. ఆ శతాబ్ది ముగియులోపలనే వారు దానిని వదలుకొనిరి. మన మదరాసు రాజధానిలోను పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఇట్టి ఫలితముల గ్రాంటే నడచినది. నేడు ఆ గ్రాంటు లేదు. దాని నీడ మాత్రము పోలేదు. ప్రైవేటు పాఠశాలకు రోడ్డుప్రక్క బోర్డుమీది ర్యాంకులే పంట. ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయునకు సమీక్షాసభలో అడుగబడు మొదటి ప్రశ్న ఉత్తీర్ణతా శాతమే. శాతమును లెక్కించువారికి బిడ్డ ఒక భిన్నమైపోవును. ఆ తొందరలోనే కబుళ్లు బెదిరింపులగుచున్నవి.

ఇచ్చట ఉపాధ్యాయులు మాకు చెప్పు జవాబు మే మెఱుగుదుము. "అరువదిమంది పిల్లలున్న తరగతిలో ఒక్కొక్కని యింటికి ఎట్లు పోగలము? సభకు పిలిచిన తండ్రులు రారు. చెప్పకున్న ఎందుకు చెప్పలేదని తగవునకు వత్తురు. కొంచెము భయము చెప్పినగాని పుస్తకము తెఱవరు" అందురు. ఇందు నిజము లేకపోలేదు. కోతకూలికి పోవు తండ్రి ఉదయము పది గంటల సభకు వచ్చిన ఆనాటి కూలి పోవును. అది తెలిసియు ఆ వేళకే సభ పెట్టి, రాలేదని నిందించుటలో న్యాయ మేమున్నది? 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలన్నింట ఒకేనాడు తల్లిదండ్రులతో సమావేశములు జరిపినారు. పిలిచిన తీరున పిలిచిన వచ్చెద రనుటకు అది నిదర్శనము. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు విధించినది. కబురు వినుటకే గాక, బడి నడపుటలో మాట చెప్పుటకును తల్లికి హక్కున్నదని దీని భావము. ఇక భయము సంగతి. భయము పుస్తకమును తెఱపింపగలదు. తెఱచిన పుస్తకములో ఏ లెక్క ఎట్లు చేయవలెనో అది చెప్పలేదు.

మూడవది, మా దృష్టిలో అన్నిటికంటె గట్టిది, మఱొక ప్రశ్న. బిడ్డను గూర్చిన ఎఱుక ముందుగా ఎవరిది?

పూర్వము మార్కుల పత్రమును బిడ్డయే ఇంటికి తెచ్చెడివాడు. దానిని సంచిలో దాచి, రెండుదినములు తటపటాయించి, తండ్రి భోజనముచేసి చల్లబడిన వేళ చూచి, మెల్లగా ముందుంచి సంతకమడిగెడివాడు. ఆ రెండుదినముల బాధలో ఒక విద్య యున్నది. తన తప్పును తన నోట చెప్పుకొనుట అను విద్య అది. ఏ పాఠ్యపుస్తకమునందును అది లేదు. కొందఱు దొంగసంతకములు చేసెడివారు, నిజమే. చాలమంది చేసెడివారు కారు. నేడు బిడ్డ బడి గేటు దాటకమునుపే అంకె తండ్రి ఫోనులో మ్రోగుచున్నది. చెప్పుటకు బిడ్డకు మిగిలిన దేమి? నేరము ఋజువైన పిమ్మట కోర్టుకు పిలువబడినవానివలె ఇల్లు చేరుచున్నాడు. నిజము చెప్పు అవకాశమును ముందుగనే తీసివేసి, బిడ్డలు నిజము చెప్పరని మనము దుఃఖించుట తగునా?

తల్లిదండ్రులకు తెలిసికొను హక్కు లేదని మేమనుట లేదు. వరుసను మాత్రమే మార్చుమనుచున్నాము. ముందు బిడ్డతో ఉపాధ్యాయుడు కూర్చుండి, ఎచ్చట తప్పినది చూపవలెను. "ఇంటిలో నీవే చెప్పుము, ఎల్లుండి నేనును వ్రాసెదను" అని రెండుదినములు గడువీయవలెను. పిమ్మట ఇంటికి పోవు కబురు తెలుగులో నాలుగు వాక్యము లుండిన చాలును. బిడ్డకు వచ్చినదేమి, రానిదేమి, బడిలో మేము చేయబోవున దేమి, ఇంటిలో మీరు చేయదగిన దేమి. ఈ కడపటి వాక్యము అక్షరము రాని తల్లికిని సాధ్యమగునట్లుండవలెను. "తెల్లవారుజామున లేపుడు, లెక్క చేసి, ఎట్లు చేసెనో మీకు చెప్పుమనుడు, మీకు అర్థము కాకున్నను వినుడు" అన్నను అది గొప్ప సహాయమే. తరగతి పిల్లలందఱి మార్కులను వరుసగా పేర్చి అందఱి ఫోనులకు పంపు ఆచారము మాత్రము వెంటనే మానవలెను. ఒకని సిగ్గు మఱియొకనికి పాఠము కాదు.

తప్పంతయు పాఠశాలదే యని మేము తప్పించుకొనరాదు. ఇంటిలో మన మడుగు ప్రశ్న ఏది? ఎన్ని వచ్చినవి, ఎదురింటివానికి ఎన్ని వచ్చినవి. ఇంతియే గదా! హనుమాన్ జంక్షనునకు కూతవేటు దూరమున అన్నట్లు నూజివీడున్నది. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమున, జనులు ట్రిపుల్ ఐటీ అను దానియందు, పదవతరగతి మార్కులనుబట్టియే చేర్చుకొందురు. పల్లె బడిలో చదివిన పేదబిడ్డలకు అది గొప్ప వాకిలి. మేము దానిని మెచ్చుచున్నాము. కాని ఆ వాకిలి ఒక్కటియే చూపి, అందు దూరనివానికి దారియే లేదన్నట్లు మాటలాడుట మన దోషము. 2025లో పరీక్ష వ్రాసిన 6,14,459 మందిలో 4,98,585 మంది నెగ్గిరి. తక్కిన లక్షకు పైబడిన బిడ్డల యిండ్లలో ఆ రాత్రి ఏ మాటలు వినబడినవో తలచుకొనుడు. మేనెలలోనే మఱల పరీక్ష కలదు. గట్టెక్కుటకు చాలవఱకు నూటికి ముప్పదియైదు చాలును. ఈ చిన్న నిజమును ఫలితములనాడు ప్రతి యింటికిని మొదట పంపిన, ఎందఱి గుండెలో కుదుటపడును.

ఆ బాలుడు పిమ్మట ఏమయ్యెనో మాకు తెలియదు. మా తప్పు మాత్రము మాకు తెలిసినది. ఆనాడు మేము ఫోనును వాని చేతికిచ్చి, "నాయనా, నీవే చదివి మీ అమ్మకు చెప్పుము, నేను ప్రక్కన నిలిచెదను" అనవలసినది. అప్పుడు వాడు నిజము చెప్పెడివాడో, మఱల ఫీజు సంగతి యనెడివాడో చెప్పలేము. చెప్పియుండిన, తల్లియు కొడుకును ఒక్క తలుపుననే బస్సు ఎక్కియుందురు.